మాటకు ఇరుగుపొరుగు

ఈ ఊళ్ళో మనిషి పోతే ఆ సంగతి ముందు గోడలకు తెలుస్తుంది. పైన ‘కన్నీటి అంజలి’ అని తమిళంలో పెద్ద అక్షరాలు, నడుమ ఫోటో, కింద ఇనిషియల్‌తో సహా పేరు. తెల్లారేసరికి వీధి మొగలో అతికించి ఉంటుంది. యానాం నుంచి ఉద్యోగానికని పుదుచ్చేరి వచ్చిన కొత్తలో ఈ పోస్టర్లు చూసి వీళ్ళంతా ఎవరో నాయకులు కాబోలు అనుకునేదాన్ని. ఇక్కడ పాలు పోసే ఆవిడ పోయినా పోస్టర్ పడుతుందని తరవాత తెలిసింది. మొన్నీమధ్య ఆఫీసు కింద టీ కొట్టు గోడమీద కొత్తది కనపడితే, నా అరకొర తమిళంతో కూడబలుక్కుంటూ చదివాను. పేరు సగంలో ఉండగానే చూపు ఫోటో మీద పడింది. మా ఆఫీసు పెద్దాయన.

ఏదో పెళ్ళిలో తీసిన ఫోటో. నుదుట గంధం, మెడలో మడత విప్పని కండువా, ముఖం మీద ఆయనది కాని నవ్వు. పేరు కింద ‘ఫోన్ కంపెనీ’ అని వేశారు. ఆయన జన్మలో ఏ ఫోన్ కంపెనీలోనూ పని చెయ్యలేదు. బతికుండగా ఇది చూస్తే సైకిలేసుకుని ఆ ప్రెస్సువాడి దగ్గరికి వెళ్ళి, వాడికి బాగా తలంటి మరీ వచ్చేవారు. అది తలుచుకుని గోడ ముందు నిలబడి నవ్వాను. పక్కన టీ తాగుతున్నాయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆ తరవాత ఏడుపొచ్చింది.

ప్రెస్సువాణ్ణీ పూర్తిగా తప్పు పట్టలేను. ఆయన చేసిన పనిని ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. ఒక ఫోను టవరుతో ఎలా మాట్లాడాలో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి ఉండాలి కదా. ఆ పద్ధతులు రాసే కమిటీలు దశాబ్దాలుగా కాగితాలు కుమ్మరిస్తున్నాయి. ఖాయమైన రూళ్ళు, వాటి చిత్తుప్రతులు, మీటింగుల్లో ఎవరెవరో పెట్టిన ప్రతిపాదనలు, ఒప్పుకున్నవి, పక్కన పడేసినవి, అన్నీ. వైట్ టౌన్‌లో ఒక పాత ఇంటి మేడమీద ఉన్న మా ఆఫీసు పనల్లా వాటన్నిటినీ కంప్యూటర్లో పెట్టుకుని, లోపలున్న ప్రతి మాటా వెతకడమే. ఎవరో ‘ఈ ఉపాయం నాది, నాకు పేటెంటు ఉంది, నువ్వెలా వాడతావు’ అని ఇంకొకరి మీదికి వస్తారు. ఆ ఇంకొకరు మా మెట్లెక్కుతారు, ఈ ఉపాయం అంతకు ముందే ఏ కాగితంలోనైనా ఎవరైనా చెప్పి ఉన్నారేమో చూడండి అని. ఉంటే గట్టెక్కుతారు, దొరక్కపోతే మునుగుతారు.

చిక్కేమిటంటే మెషిన్‌కి ఉపాయం తెలీదు, మాట మాత్రమే తెలుసు. మన చేతిలో ఉన్న ఈ ఫోన్‌నే ఒక తరం కమిటీ ‘మొబైల్ స్టేషన్’ అంది. తరవాతి తరం ‘యూజర్ ఎక్విప్‌మెంట్’ అంది. మధ్యలో ఎవరో ‘టెర్మినల్’ అన్నారు. ‘ఫోన్’ అని కొట్టి కూర్చుంటే వీటిలో ఒక్కటీ రాదు. ఇప్పుడు అర్థం కూడా చూసి తెచ్చిపెట్టే మెషిన్లు వచ్చాయిగా అంటారు. వచ్చాయి. మా ఆఫీసులోనూ పెట్టారు. అది తెచ్చిన వాటిని చూసి ఆయన, "అడిగింది ఇయ్యమంటే, నాకి నచ్చుతాదని అది అనుకునేది తెస్తాది" అని కొట్టిపారేసేవారు. అలా కొట్టిపారేస్తూనే రోజూ దాన్ని వాడేవారు కూడా.

ఆయన మా వెతుకులాటకు పెద్ద. నిజం చెప్పాలంటే మనిషితో వేగడం కష్టం. మాట కటువు, పంతం ఎక్కువ, తన కుర్చీలో ఎవరైనా కూర్చుంటే ఆ పూటంతా ముఖం మాడ్చుకుని ఉండేవారు. కొత్తగా చేరిన ఒకబ్బాయి రిపోర్టులో ‘ఇలాంటిది ఏ కాగితంలోనూ లేదు’ అని రాస్తే, ఆ కాగితాలు వాడి బల్లమీదికి విసిరేసి, "సముద్రమంతా తాగి చూసినావా నువ్వు? దొరకలేదని రాయి. లేదని రాసేదానికి నువ్వెవురు?" అన్నారు. వాడు వారం తిరక్కుండా మానేశాడు. మేనేజర్ ఆయన్ని పిలిచి మందలిస్తే, పోయినవాడు పోయాడు గానీ ఆ మాట నేర్చుకుని పోయాడు అని సమాధానం.

ఆయనకూ నాకూ పొత్తు కుదిరింది తెలుగు వల్ల. ఆయనవాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ పక్కకు వచ్చారో ఆయనకే తెలీదు. ఊరి బయట పొలాలుండేవట, అవి పోయాక కోసపాళయంలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగే, అదీ సగం తమిళం కలిసిన తెలుగు. చదవడం రాయడం రాదు. నా తెలుగు విని "సినిమాలో మాట్లాడినట్ట ఉండాదే" అనేవారు. ‘యాడ’ అని ఆయనంటే ‘ఎక్కడ’ అని నేను దిద్దేదాన్ని. "నీ యెక్కడ నీ యానాంలో పెట్టుకో పాపా, మా యాడ మాకి చాలు" అనేవారు. ఒకసారి ఇంట్లో ఉన్న పాత ఇత్తడి చెంబు పేపర్లో చుట్టి తెచ్చారు. దాని మెడ చుట్టూ తెలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి. చదివి చెప్పాను, ఎవరో ఆడమనిషి పేరు. ఆ పేరుగల మనిషి తమ ఇంట్లో ఎవరో ఆయనకు తెలీదు, చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆ రోజంతా పని మధ్యలో ఆ చెంబును తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నారు.

మాట తెలీనప్పుడు ఏం చెయ్యాలో ఆయన నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేరు. "మాట ఇంట్లో లేకపోతే దాని ఇరుగుపొరుగును అడుగు" అనేవారు. అంటే, నీకు కావలసిన మాట ఏదో తెలీకపోయినా, అది ఉండే చోట చుట్టుపక్కల ఏ మాటలు ఉండక తప్పదో ఆలోచించు, వాటిని వెతుకు, అవి గుంపుగా కనపడిన చోట ఆగు అని. టీ టైములో దీనికో ఆట పెట్టారు. ఎదురుగా ఉన్న వస్తువును పేరు చెప్పకుండా అడగాలి. పేరు నోటివెంట వస్తే ఓడినట్టు. గ్లాసు కావాలంటే నీళ్ళు నిలబెట్టేది, ఫ్యాన్ వెయ్యాలంటే గాలి తిప్పేది, మేనేజర్ కావాలంటే... అవి ఇక్కడ రాయలేను. నవ్వులాటలాగే ఉండేది గానీ మాకు అసలు చదువు అదే. ఆ ఆట ఆడీ ఆడీ, చూసిన ప్రతిదాన్నీ పేరు తీసేసి చూడడం మాకు అలవాటైపోయింది.

అందుకే ఆయనకు జబ్బు మొదలైతే మేం కనిపెట్టలేదు. ఇంకే ఆఫీసులోనైనా కనిపెట్టి ఉండేవాళ్ళు. మెట్లెక్కి వచ్చి చెమట తుడుచుకుంటూ "ఆ గాలి తిప్పేది పెట్టు పాపా" అంటే, ఈరోజు ఆట పొద్దున్నే మొదలుపెట్టారు అనుకున్నాం. గొడుగు కనపడక "వానని ఆపేది యాడబెట్టినా" అని బల్లకిందంతా వెతుకుతుంటే, ఒకమ్మాయి ‘నల్ల పుట్టగొడుగు తలుపు వెనక ఉంది సార్’ అని పోటీకి దిగింది. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మా నవ్వుల తరవాత వచ్చేది. మా ముఖాలు చూసి, ఓహో ఇక్కడ నవ్వాలి అని తెలుసుకుని నవ్వేవారు. ఎంత భయపడి ఉంటారో ఆ రోజుల్లో. ఆ భయాన్ని పెట్టుకోడానికి తన ఆటే చోటు ఇచ్చింది, మేమేమో ఎదురు కూర్చుని చప్పట్లు కొట్టాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక చిన్న వర్క్‌షాప్ యజమాని వచ్చాడు. తమిళాయన, ఊరి బయట ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో షెడ్డు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఒక నల్ల డబ్బా, కవరు విప్పితే చేపల వాసన. పిళ్ళైచావడి జాలర్ల పడవల్లో అలాంటి డబ్బాలు కట్టి ఉంటాయి. పడవ ఎక్కడుందో ఒడ్డుకు చెబుతుంటాయి. నడిసముద్రంలో బ్యాటరీ అయిపోతే పనికిరాదు కాబట్టి ఆ డబ్బా ఎప్పుడూ మేలుకుని ఉండదు. నిద్రపోతుంది, తనకని కేటాయించిన క్షణంలో మాత్రం లేచి, ఒడ్డునుంచి పిలుపేమన్నా ఉందా అని విని, మళ్ళీ నిద్రపోతుంది. ఒక పెద్ద విదేశీ కంపెనీ ఆ నిద్రా ఆ లేవడం మా సొత్తు, మానెయ్యి అని నోటీసు పంపింది. పాతకాలంలో ఎవరో ఒకరు ఇది చెప్పే ఉంటారు సార్, అందరికీ తట్టే సంగతే కదా అని అతను మా పెద్దాయన ఎదుట కూర్చుని బతిమాలాడు. దొరికితే పోరాడతాడు, దొరక్కపోతే ఆ డబ్బాలు చెయ్యడం ఆపేస్తానని రాసి సంతకం పెట్టాలి.

ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వలేదు. వారాల తరబడి తనే కూర్చున్నారు. చివరికి రిపోర్టు రాశారు, దొరకలేదు అని. కింద సంతకం.

ఆ తరవాత కొన్నాళ్ళకే మాకు విషయం బయటపడింది. పరాయి దేశపు క్లయింటుతో హెడ్‌సెట్ పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నారు. కాల్ నడుస్తుండగా ఫోను ఒక టవరు చేతిలోంచి ఇంకో టవరు చేతిలోకి వెళ్ళడాన్ని మా పనిలో ‘హ్యాండోవర్’ అంటారు. మేం ఉప్పు అన్నంత మామూలుగా అనే మాట. ఆ మాట దగ్గర ఆగిపోయారు. ఎడమచేతిలో ఏదో ఉన్నట్టు పట్టుకుని కుడిచేతిలోకి మార్చారు, మళ్ళీ మార్చారు. అవతలివాడికి అది కనపడదు కదా. గదిలో అందరం చూస్తున్నాం. ఎవరికీ నవ్వు రాలేదు. నేను మెల్లిగా మాట అందించాను. దాన్ని పట్టుకుని కాల్ పూర్తి చేశారు, గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళారు. మర్నాటి నుంచి రాలేదు.

డాక్టర్లు చెప్పింది విన్నాను. జ్ఞాపకం పోదట, మనుషులను గుర్తుపడతారు, చెప్పింది అర్థమవుతుంది, మాటలు మాత్రం ఒక్కొక్కటే రాలిపోతాయి. మందు లేదు. ఎవరికి ఏ జబ్బు రావాలో చూసి మరీ పంపిస్తాడా దేవుడు అని నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

కొన్ని నెలల తరవాత ఆయన భార్య ఫోన్ చేసింది. నేను మొదట్లో ఆవిణ్ణి ఆంటీ అంటే, "ఆంటీ ఏంది, అక్కా అను" అని సరిచేసిన మనిషి. ఆయన దేనికో కొట్టుకులాడుతున్నారట. కాలవ కాలవ అంటారట, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారట, నిద్ర సరిగ్గా పోయి ఎన్నాళ్ళో అయిందట. పాత పొలాలు గుర్తొస్తున్నాయేమోనని కొడుకు కారులో తీసుకెళ్ళి ఆ పక్కంతా తిప్పుకొచ్చాడు. అక్కడ దిగనుకూడా దిగకుండా తల అడ్డంగా ఊపారట. "నువ్వు ఆయనతో పని చేసినదానివి. ఏం అడగతాండాడో నీకన్నా తెలస్తాదేమో, ఒక తడవ వచ్చిపో మా" అంది.

వెళ్ళాను. కోసపాళయంలో ఇరుకు సందు, పక్కన ఇస్త్రీ బండి, వీధరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఆయన. బాగా చిక్కిపోయారు. నన్ను చూడగానే లేవబోయి, నా చెయ్యి పట్టుకుని, "కాలవ" అన్నారు. ఆ ఒక్క మాటలోనే ఎంత తొందర ఉందో చెప్పలేను. ఏం కాలవ సార్ అని అడిగితే కుర్చీ చేతిమీద కొట్టుకున్నారు. అదికాదు నేనడిగేది అన్నట్టు. కాసేపు ఇద్దరం అలాగే అవస్థపడ్డాం. అప్పుడు ఆయన నేర్పిన పనే ఆయన మీద చేద్దామనిపించింది.

"సార్, పేరొద్దు. దాని పక్కన ఏముంటాయో చెప్పండి" అన్నాను.

నన్ను తేరిపార చూశారు. తన మాట గుర్తుపట్టారు, అది కళ్ళలో కనపడింది.

"కాలవ," అన్నారు మళ్ళీ. ఆగి, "గట్టు. అప్ప. పడుకోని ఉంటాడు" అన్నారు. అప్ప అంటే వాళ్ళ నాన్న.

"పడుకుని లేస్తాడా?"

గట్టిగా తలూపారు. "లేస్తాడు. పిలస్తారు. వాళ్ళది అయినాక." చెయ్యి చాపి గాల్లో ఒకచోట పెట్టారు, దాని పక్కన ఇంకోచోట, దాని పక్కన ఇంకోచోట. "వాళ్ళు... వాళ్ళు... అప్ప."

నాకేమీ తట్టలేదు. గడపలో చింతపండు పిసుకుతూ నిలబడి వింటున్న అక్క, "నీళ్ళ మొర గదా అది" అంది.

ఏమిటని అడిగాను.

"వాళ్ళప్పకి పొలం ఉండె. కాలవ నీళ్ళు అందరికీ ఒకేసారి ఇడవరు, ఒకరైనాక ఒకరు. తన మొర వచ్చేవరకూ గట్టు మింద పడుకొనేది, పిలస్తే లేసి నీళ్ళు తిప్పుకొనేది. నేను పెండ్లైన కొత్తలో చూసినా. మీ పక్క ఏమంటారో, వంతు అంటారా?"

ఆయన ఆవిడ చెయ్యి, చింతపండుతో సహా, రెండు చేతులా పట్టేసుకున్నారు. తరవాత నావైపు తిరిగి, కుర్చీ చేతిమీద వేళ్ళతో టకటకా కొట్టి చూపించారు, కీబోర్డు కొట్టినట్టు. అప్పటికిగానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆయన అడుగుతున్నది పొలం కాదు. పడవ డబ్బా.

ఆ కేసులో ఆయన వెతికిన మాటలన్నీ నాకు తెలుసు. నిద్రకు ఇంగ్లీషులో ఉన్న ముద్దుపేర్లన్నీ వెతికారు. కునుకు, మగత, విశ్రాంతి, ఖాళీగా ఉండటం, ఏదీ వదల్లేదు. కానీ అదంతా పడుకునేవాడి వైపు నుంచి చూడటం. పాతకాలంలో ఆ ప్రతిపాదన రాసినవాడు నిద్రను లెక్కచెయ్యకపోతే? వంతునే చూసి ఉంటే? ఆఫీసు మానేసి, మాటలు రాలిపోతూ, ఆ అరుగుమీద కూర్చుని ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు. దారి దొరికింది, చెప్పడానికి మాట లేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే వంతుకు ఎన్ని పేర్లుంటాయో అన్నీ కొట్టుకుంటూ పోయాను. హాస్టళ్ళలో, ఆస్పత్రుల్లో డ్యూటీలు వంతులు వేసే కాగితాన్ని ‘రోటా’ అంటారు కదా, అది కొట్టాను. చెత్త చాలా వచ్చింది. దాని మధ్య ఒకటి ఆగింది. పేజర్ల కాలం నాటి మీటింగు కాగితం, వంకరగా స్కాన్ చేసింది. ప్రతి యంత్రానికీ రోటాలో ఒక వంతు ఇవ్వాలని, వంతు వచ్చేవరకూ అది దేనికీ పలకనక్కర్లేదని, అలాగైతే బ్యాటరీ మిగులుతుందని. రెండు పేజీల్లో ఆ నల్ల డబ్బా మొత్తం ఉంది. నిద్ర అన్న మాట ఎక్కడా లేదు. కమిటీ దాన్ని ఒప్పుకోలేదు, కాదనలేదు, చూశాం అని రాసి పక్కన పెట్టేసింది.

లేచి గంతులేద్దామనిపించింది. ఆ వెంటనే ఆ రిపోర్టు కింద ఆయన సంతకం గుర్తొచ్చింది. వర్క్‌షాప్ సంగతి అడుగుదామని మేనేజర్ గదిలోకి వెళ్ళాను. అతను తల పట్టుకున్నాడు. సంతకాలు అయిపోయాయట, డబ్బాలు చెయ్యడం ఆపేశారట. ఇప్పుడు చెబితే వాళ్ళకు ఏం ఒరుగుతుంది, గుండె మంట తప్ప, మన పేరూ పోతుంది, ఆయన పేరూ పోతుంది, జబ్బుమనిషిని బజారుకీడ్చడం దేనికి అన్నాడు. చెడ్డవాడు కాదు.

సాయంత్రం కోసపాళయం వెళ్ళాను. చెప్పాలా వద్దా అని దారంతా నలిగాను. వెతికేవాడికి దొరికిందని చెప్పకపోవడం కంటే పాపం ఉంటుందా? అరుగు దగ్గర ఆగి, "దొరికింది సార్, రోటా" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ‘రోటా’ అని నోట్లోనే నాలుగైదుసార్లు అనుకున్నారు, మళ్ళీ పోగొట్టుకుంటానేమో అన్నట్టు. ఆ తరవాత నా కళ్ళలోకి చూసి, "వాళ్ళు?" అన్నారు.

నేను నేల చూశాను. సంతకం పెట్టేశారు సార్, డబ్బాలు ఆపేశారు అని చెప్పాను.

ఆయన లేచి లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చారు. గుండీలు సరిగ్గా పెట్టుకోలేకపోతే అక్క పెట్టింది. ఎక్కడికని అడిగితే వీధి చూపించారు. "యాడికో పిలస్తాండాడు, పోదాం పా. ఇన్నాళ్ళకి తనకితానుగా లేసినాడు" అని ఆవిడ సంబరంగా చెప్పులేసుకుంది. ఎక్కడికో నాకు తెలుసు. ముగ్గురం ఆటో ఎక్కాం.

షెడ్డులో ఒక పక్క గుడ్డ కప్పిన బల్లలు, ఇంకో పక్క ఇద్దరు మనుషులు మిక్సీ మోటార్లేవో విప్పి బాగుచేస్తున్నారు. యజమాని మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. జబ్బు సంగతి ఎవరో చెప్పారట. మా పెద్దాయన చేతులు రెండూ పట్టుకుని, నేనే వచ్చి చూడాల్సింది సార్, మీరు రావడమేమిటి అన్నాడు. కుర్చీ తెప్పించాడు. అక్కతోనూ నాతోనూ ఆయన గురించే చెప్పడం మొదలుపెట్టాడు. వకీళ్ళందరూ పోరాడు పోరాడు అని ఎగదోశారట. ఈయన ఒక్కరే మొహమాటం లేకుండా దొరకలేదని రాసిచ్చారట, ఆ మాట నమ్మి ఆగిపోయాడు కాబట్టే కోర్టుల చుట్టూ తిరిగి ఇల్లు గుల్ల చేసుకోకుండా బయటపడ్డాడట. "మీరు చెప్పారు గనక నిమ్మళంగా ఒప్పుకున్నాను సార్" అన్నాడు.

మా పెద్దాయన కుర్చీలో కూర్చోలేదు. నోరు తెరిచారు. రోటా అన్న మాట కూడా రాలేదు. గాల్లో చేతులు ఒకచోటినుంచి ఇంకోచోటికి పెట్టారు, ఆ పక్కన ఇంకోచోట పెట్టారు, అతనికి ఏం అర్థమవుతుంది. చివరికి చేతులు జోడించారు. జోడించిన చేతులు దించకుండానే నావైపు చూశారు. అంత నిండు గొంతుతో జీవితమంతా తిట్టిన మనిషి, అలా చూడటం నేను భరించలేకపోయాను. చెప్పేశాను. మొత్తం చెప్పాను, కాగితం ఎప్పటిదో, దాంట్లో ఏముందో, దాన్ని ఎవరు కనిపెట్టారో, రిపోర్టు తప్పని.

యజమాని అంతా విన్నాడు. మోటార్లు విప్పుతున్నవాళ్ళు పని ఆపారు. ఇప్పుడేమైనా చెయ్యడానికి ఉంటుందా అని అడిగాడు. వకీలును అడగాలి, నాకు తెలిసి సంతకం పెట్టాక కష్టం అన్నాను. గుడ్డ కప్పిన బల్లల వైపు ఒకసారి చూశాడు. గొంతు పెంచలేదు.

"నేను ఓడిపోయానని ఒప్పుకుని, దాంతోనే సర్దుకున్నానమ్మా. ఇప్పుడొచ్చి గెలవాల్సినవాణ్ణి అంటున్నారు. దీన్ని తీసుకుని నేనేం చేసుకోను?"

అక్కకు అప్పటికి కొంత అర్థమై, ఆయన మోచెయ్యి పట్టుకుంది. యజమాని మమ్మల్ని ఆటో దాకా సాగనంపాడు. మా పెద్దాయన ఎక్కేటప్పుడు తల తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టాడు కూడా.

ఎస్టేట్ గేటు దాటకముందే ఆయన తల అక్క భుజం మీదికి వాలింది. చేతులు ఒళ్ళో విడిచేసి, నోరు కొద్దిగా తెరుచుకుని, గాఢంగా నిద్రపోయారు. గతుకులకు కూడా మెలకువ రాలేదు. అక్క కొంగుతో ఆయన నుదురు తుడిచి, "చూడు పాపా, ఎన్నాళ్ళకి కన్ను మూసినాడు. నీకి పుణ్యం వస్తాది" అంది. నేను తలూపాను. ఆ నిద్ర ఎవరి కళ్ళలోంచి తీసి ఆయనకు ఇచ్చామో నాకు తెలుసు.